లార్జాక్ కంకర బాటలు

పార్లమెంటు గురించి, చట్టాల గురించి రాసుకొనే ఈ చోట సైకిలు ప్రయాణ ముచ్చట్లు ఎందుకని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. భూసేకరణ మీద ఇంతకు మునుపు రాసిన వ్యాసాలకు ఇది కొనసాగింపేనని ముందుగా మనవి చేస్తున్నాను. గత శరత్కాలంలో దక్షిణ ఫ్రాన్సులోని లార్జాక్ పీఠభూమి మీద నాలుగు రోజులు సైకిలు తొక్కాను. సున్నపురాతి పొడి, కంకర, ఎర్రమన్ను కలిసిన ఆ దారులు తారు ఎరుగనివి. తరతరాలుగా గొర్రెల మందలు నడిచి నడిచి ఏర్పరచినవి. ఆ దారుల మీద ఈనాడు నాబోటి పరదేశి అడ్డూ ఆపూ లేకుండా తిరగగలుగుతున్నాడంటే దానికి కారణం ప్రకృతి కాదు. పదేళ్లపాటు సాగిన ఒక రైతు పోరాటం.

ఇటువంటి దారుల కోసమే కొంతకాలంగా యూరపులో ‘గ్రావెల్’ సైకిళ్లు ప్రచారంలోకి వచ్చాయి. పందెపు సైకిలుకు ఉన్నట్టే కిందికి వంగిన హ్యాండిలు, దానికంటె బాగా వెడల్పైన టైర్లు, నిటారు ఎక్కుడులో కాళ్లు చచ్చుబడకుండా కాపాడే చిన్న గేర్లు. మీయో పట్టణంలో ఒకటి అద్దెకు తీసుకున్నాను. మీయో తార్న్ నది లోయలో ఉన్నది. పీఠభూమి దానికి నాలుగు వందల మీటర్ల పైన. మొదటి గంటంతా ఎక్కడమే. మలుపు మలుపుకూ వెనుదిరిగి చూస్తే 2004లో ప్రారంభమైన మీయో వంతెన, 343 మీటర్ల స్తంభశిఖరాలతో లోయకు అడ్డంగా నిలబడి కనిపిస్తుంది. ఆ వంతెన మీద పోయేవారు ఈ పీఠభూమిని కొద్ది నిమిషాలలో దాటిపోతారు. నాకు నాలుగు రోజులు పట్టింది. అదీ సగమే చూశాను.

పైకి చేరగానే లోకం మారిపోతుంది. గడ్డి, రాళ్లు, పొట్టి సరుగుడు పొదల వంటి జూనిపర్ పొదలు, ఆకాశం. వాన నీరు సున్నపురాతి పగుళ్లలోకి ఇంకిపోతుంది కనుక పైన వాగులూ వంకలూ లేవు. గొర్రెల దాహం తీర్చడానికి పళ్లెం ఆకారంలో రాళ్లు పరచిన చిన్న కుంటలు కట్టుకున్నారు. వాటిని ‘లావోన్య్’లు అంటారు. మనిషి తాగే నీరు మాత్రం మోసుకొనిపోవలసిందే. మూడు లీటర్లు లేనిదే ఊరి పొలిమేర దాటవద్దని సైకిలు అద్దెకిచ్చిన కుర్రవాడు రెండుసార్లు చెప్పాడు. మంద కనిపిస్తే సైకిలు దిగి నడవాలన్నది అతని రెండవ హితవు. తోడేళ్లు తిరిగి వచ్చిన నాటినుండి కొన్ని మందలకు పెద్ద తెల్లకుక్కలు కాపలా ఉంటున్నాయి. వేగంగా వచ్చే దేనినీ అవి సహించవు. దారికి అడ్డంగా కంచె తలుపు వస్తే తీసి, దాటి, మళ్లీ మూసిపోవాలి. ఎవరూ ఏమీ అడగరు.

చరిత్రకు ఇక్కడ కరువు లేదు. పన్నెండవ శతాబ్దంలో టెంప్లార్ యోధసన్యాసులు సెంతులాలీ కేంద్రంగా ఈ పీఠభూమిని ఏలారు. పద్నాలుగవ శతాబ్దం తొలినాళ్లలో వారి సంఘం రద్దయ్యాక ఆస్తులు హాస్పిటలర్ల చేతికి వచ్చాయి. లా కువెర్తువారాద్ చుట్టూ నేడు పర్యాటకులు ఫొటోలు తీసుకొనే ప్రాకారం పదిహేనవ శతాబ్దంలో వీరు కట్టించినదే. ఊరు అందంగానే ఉన్నది. అయితే నేను వెతుక్కుంటూ వచ్చినది ఆ గోడలను కాదు. ఉత్తరాన లా బ్లాకియేర్ అనే చిన్న పల్లెలోని ఒక గొర్రెల కొట్టాన్ని.

లా కావలరీ పక్కన 1902 నుండి ఒక సైనిక శిబిరం ఉన్నది. విస్తీర్ణం సుమారు 3,000 హెక్టార్లు. దానిని 17,000 హెక్టార్లకు పెంచుతున్నట్టు 1971 అక్టోబరులో రక్షణమంత్రి మిషెల్ దెబ్రే ప్రకటించాడు. రైతులతో ముందుగా ఎవరూ మాట్లాడలేదు. ప్రభుత్వ దృష్టిలో అది జనం లేని నేల, గొర్రెలు తప్ప మరేమీ పండని రాళ్లగుట్ట. ఈ మాట మనకు కొత్త కాదు. రెవెన్యూ దస్త్రంలో ‘బంజరు’ అనో ‘పోరంబోకు’ అనో ఒక్క ముక్క రాసిన తరువాత, అక్కడ బతికేవారు ఎంత సులభంగా అదృశ్యమవుతారో మన జిల్లా కలెక్టరేట్లలో చూస్తూనే ఉన్నాము. నిజానికి ఆ రాళ్లగుట్ట మీద గొర్రెల పాలతోనే ప్రసిద్ధమైన రోక్‌ఫోర్ జున్ను తయారవుతున్నది. ఆనాటికి అక్కడి వ్యవసాయం చావడం లేదు. కొత్త యంత్రాలతో, కొత్త కుటుంబాలతో చిగురిస్తున్నది.

1972 మార్చిలో ఒక గడ్డపు వృద్ధుడు లా కావలరీకి వచ్చి పదిహేను రోజులు నిరాహారదీక్ష చేశాడు. పేరు లాంజా డెల్ వాస్తో. ఇటలీలో పుట్టినవాడు. 1937లో వార్ధాలో గాంధీ దగ్గర ఉండి, ఆయనచేత ‘శాంతిదాస్’ అని పిలిపించుకున్నవాడు. లార్జాక్ రైతులు ఆశ్రమవాసులు కారు, విప్లవకారులు అంతకన్నా కారు. చర్చికి వెళ్లే సంప్రదాయ కాథలిక్కులు. చాలామంది అంతవరకు మితవాద పక్షాలకు ఓటు వేసినవారే. అటువంటివారిలో 107 మందికి గాను 103 మంది ఆ దీక్ష ముగియక మునుపే ఒక ప్రతిజ్ఞ మీద సంతకం చేశారు. విస్తరణ కోసం సెంటు భూమి కూడా ఎవరమూ అమ్మము అని. హింసకు దిగబోమన్న నిశ్చయం కూడా ఆ దినాలలో కుదిరినదే.

తరువాతి పదేళ్లలో వారు కనిపెట్టిన ఉపాయాలు వింటే నవ్వు, గౌరవం ఒకేసారి కలుగుతాయి. 1972 అక్టోబరులో అరవై గొర్రెలను తెచ్చి ఈఫిల్ టవర్ కింద మేపారు. సైన్యం కోరిన భూమిలోనే చిన్న చిన్న ముక్కలను దేశమంతటా వేలాది సానుభూతిపరుల పేర కొనిపించారు. ఒక్కొక్కరికీ నోటీసు పంపక తప్పని స్థితికి ప్రభుత్వాన్ని నెట్టారు. పట్టణాలలోని మద్దతుదారులు తమ పన్నులో మూడు శాతం ఎగవేసి రైతుల నిధికి కట్టారు. 1978 చివర రైతులు పారిసు దాకా సుమారు ఏడు వందల కిలోమీటర్లు కాలినడకన పోయారు. ఆ పన్ను సొమ్ముతోనే 1973లో లా బ్లాకియేర్‌లో, విస్తరణ పరిధి లోపల, అనుమతి లేకుండా గొర్రెల కొట్టం ఒకటి కట్టారు. అనేక దేశాలనుండి వచ్చిన యువకులు రాళ్లు మోశారు. కొట్టం ఇప్పటికీ ఉన్నది. ఎత్తైన రాతికమానులతో చిన్న గుడిలాగా ఉంటుంది. లోపలినుండి గొర్రెల వాసన.

1981 మేలో మిత్తెరాన్ అధ్యక్షుడుగా గెలిచాడు. జూన్‌లో విస్తరణ రద్దయింది.

ఇక్కడ రొమాంటిక్ కథ ఆపి, కొంచెం కఠినంగా చూడవలసి ఉన్నది. గెలిపించినది ఎన్నిక. అభ్యర్థి ఇచ్చిన హామీ నిలబడకపోయి ఉంటే ఉపవాసాలు, గొర్రెలు, కాలినడకలు ఏమయ్యేవో ఎవరూ చెప్పలేరు. పైగా ఆ రైతులకు పట్టా ఉన్నది, ఓటు విలువ ఉన్నది, పారిసు పత్రికలలో ముఖం ఉన్నది. ఝార్ఖండ్‌లో నేతర్‌హాట్ ఫిరంగి అభ్యాసక్షేత్రానికి వ్యతిరేకంగా ఆదివాసులు 1990లలో మొదలుపెట్టిన సత్యాగ్రహం ఫలించడానికి 2022 దాకా పట్టింది. అదీ గడువు ముగిసిన నోటిఫికేషనును ఇక పొడిగించబోమని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించినందువల్ల. ఒడిశాలో క్షిపణి పరీక్షాక్షేత్రాన్ని బాలియాపాల్ రైతులు అడ్డుకున్న ఉదంతం 1980లది. నేటి తరం పాత్రికేయులలో దానిని ఎరిగినవారు తక్కువ. మన 2013 భూసేకరణ చట్టం ప్రైవేటు కంపెనీకి భూమి కావాలంటే ఎనభై శాతం బాధితుల సమ్మతి ఉండాలన్నది. దేశరక్షణ కోసమైతే ఆ షరతు లేదు. అత్యవసర నిబంధన కూడా దేశరక్షణకు, ప్రకృతి విపత్తులకే మిగిల్చారు. అంటే లార్జాక్ వంటి వివాదం మన దగ్గర తలెత్తితే, ఉన్న చట్టాలలో కాస్త మెరుగైనది కూడా రైతు పక్షాన నోరు మెదపదు.

గెలుపు తరువాతి కథే నాకు ఎక్కువ ఆసక్తికరంగా తోచింది. ఆ పదేళ్లలో సైన్యం కొందరు భూస్వాములనుండి కొన్న నేల సర్కారు చేతిలో మిగిలిపోయింది. దానిని వేలం వేయలేదు. రైతులే ఒక సంఘంగా ఏర్పడగా, సుమారు 6,300 హెక్టార్లను 1985లో వారికి దీర్ఘకాలిక కౌలుకు ఇచ్చారు. తరువాత ఆ గడువును 2083 దాకా పొడిగించారు. సంఘం ఆ భూమిని వ్యవసాయం చేస్తామని వచ్చేవారికి ఇస్తుంది. పదవీవిరమణ వయసు రాగానే వారు ఖాళీ చేసి పోవాలి. కొడుకుకు రాసివ్వడం, బేరం పెట్టడం కుదరదు. సైన్యం తన కోసం కొన్న నేలే ఉమ్మడి నేలగా మారింది.

కొట్టం దగ్గర్లో ట్రాక్టరు ఆపుకొని నిలబడిన ఒక పెద్దావిడను నా వచ్చీరాని ఫ్రెంచిలో ఇదే అడిగాను. “ఇంత కష్టపడి నిలుపుకున్నారు కదా, మీ పిల్లలకు ఇవ్వలేకపోవడం బాధగా లేదా?”

“మా వాడికి గొర్రెలంటే పడదు. తూలూజ్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాడు. మా పొలంలో ఇప్పుడు ఎవరో కొత్త జంట ఉన్నారు, ఇద్దరు చిన్నపిల్లలు. బడికి పిల్లలు కావాలి కదండీ, పేరు ఎవరిదైతే ఏమిటి?” అన్నది. ఆ తరువాత నా సైకిలు టైర్లను తేరిపార చూసి, సాయంత్రం వాన పడుతుందని, ఎర్రమన్ను దారి మానుకొని తెల్లరాతి దారిన పొమ్మని చెప్పింది.

పాత శిబిరం మాత్రం అక్కడే ఉన్నది. 2016 నుండి ఫ్రెంచి విదేశీ దళానికి చెందిన 13వ అర్ధబ్రిగేడు అక్కడ ఉంటున్నది. దుకాణాలకు బేరాలు పెరిగాయని సంతోషించేవారు ఉన్నారు. వెనుకటి రోజులు గుర్తుచేసుకొని నిట్టూర్చేవారూ ఉన్నారు. చివరి రోజు నా దారి శిబిరం సరిహద్దు వెంబడి కొంత దూరం సాగింది. ఎడమవైపు ప్రవేశం నిషేధమని చెప్పే బోర్డులు. కుడివైపు అదే గడ్డి, అదే రాళ్లు, మేస్తున్న మంద. ఎక్కడో తుపాకీ అభ్యాసం మొదలైంది. గొర్రెలు తల ఎత్తలేదు. నేను సైకిలు దిగి, కుక్క ఎక్కడున్నదో చూసుకుంటూ, మందను దాటేదాకా నడిచాను.