పుట్టలోంచి పొంగిన పసుపు నురగ

ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని ఇంటిపట్టున ఉంచడమంటే మాటలు కాదండీ! మా బోధన్‌లో పదకొండు దాటితే గుమ్మం దాటనివ్వలేం. ఫోను లాక్కుంటే అలుగుతారు. అందుకే మొన్న మనవరాళ్ళిద్దర్నీ వంటింట్లోకే పిలిచాను.

పెద్దది ఏడో తరగతి. ఆమ్లం, క్షారం అంటూ గడగడా అప్పజెబుతుంది. "నిమ్మకాయ ఏంటే?" అంటే మాత్రం తెల్లమొహం వేసింది.

మీరూ చేయించి చూడండి. ఓ చిన్న గురిగి చుట్టూ తడిమట్టి మెత్తి, నాగులచవితి పుట్టలా చేయాలి. గురిగిలో చెంచాడు వంటసోడా, చిటికెడు పసుపు, నాలుగు చెంచాల నీళ్ళు కలపండి. పసుపు కాస్తా ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది. పసుపూ సున్నమూ కలిపితే పారాణి ఎర్రబడేదీ ఇందుకే. క్షారం తగిలితే పసుపు రంగు మారుస్తుంది. (పసుపు మార్కెట్టుకు పేరుపడ్డ జిల్లా మాది. 2025లో జాతీయ పసుపు బోర్డు కార్యాలయం కూడా నిజామాబాద్‌కే వచ్చింది. ఆ మాత్రం గొప్ప చెప్పుకోనివ్వండి!) నురగ నిలవడానికి రెండు చెంచాల కుంకుడు రసం పోయండి. ఇక రెండు నిమ్మకాయల రసం ఒక్కసారిగా వంపేయడమే. బుస్సుమంటూ ఎర్రగా లేచిన నురగ, పొంగుతూ పొంగుతూనే పసుపుపచ్చగా అయిపోతుంది. చిన్నదైతే "నానమ్మా, పాము బుస కొట్టింది!" అని ఒకటే గంతులు.

నిమ్మ పులుపు సోడాను విరగ్గొడితే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. గోలీసోడాలో ఉండేదీ అదే. చెంచాడు సోడాకు ఒక్క కాయ చాలదు, ఎరుపు పూర్తిగా పోదు.

ఈ గోల విని మావారు వరండాలోంచి లేచొచ్చారు. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో రసం శుద్ధిచేసే చోట పనిచేశారాయన. 2015 చివర్లో అది మూతపడ్డాక ఆ ఊసెత్తితే చాలు, లేచి వెళ్ళిపోయేవారు. అలాంటిది పెద్దదాని పక్కన చతికిలబడి, "బిడ్డా, మా పని గూడా గిదే. చెరుకు రసం జర పుల్లగుంటది. సున్నం ఏసి ఆ పులుపు ఇరగ్గొట్టాలె. లేకుంటే చక్కెర పలుకు కట్టది" అన్నారు.

"ఎందుకు కట్టది తాతా?"

"పులుపుల కాగితే చక్కెర ఇరిగి పాకం లెక్కనే ఉంటది."

సాయంత్రం దాకా ఇద్దరూ పసుపునీళ్ళలో కాగితాలు ముంచి ఆరబెట్టి, వంటింట్లో ఉన్నవన్నీ పరీక్షించారు. సబ్బునీళ్ళకు ఎర్రబడింది. చింతపండు పులుసుకు మారలేదు. నా వంట ఆలస్యమైంది, పోనీ లెండి.

ఒక్కమాట. బట్టల సోడా పిల్లల చేతికివ్వకండి. సున్నమూ వద్దు, కంట్లో పడితే చూపుకే ముప్పు. కుంకుడు రసమూ మంటే, మీరే పోయండి. మరీ ముఖ్యంగా, సోడా, నిమ్మరసం కలిపి సీసాకు బిరడా బిగించనివ్వకండి. వాయువు పోయే దారిలేక సీసా పగులుతుంది. గోలీసోడా సీసా మందం చూశారుగా, ఊరికే పెట్టారా!

రేపు పుల్లమజ్జిగ వంతట. తాతగారు పొద్దున్నే ఓ గ్లాసు తీసి పక్కన పెట్టించారు.