రాతప్రతి లేని కవిత

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అన్నా అఖ్మతోవా ఏళ్ల తరబడి బతికిన ఇల్లు 1989లో మ్యూజియం అయింది. చిన్నప్పుడు మా ఇంట్లో గోర్కీ ‘అమ్మ’ ఉండేది; ఈ అమ్మ పేరు మాత్రం వినలేదు. కొడుకు కోసం 17 నెలలు జైలు ముందు క్యూల్లో నిలబడిన అఖ్మతోవా, ‘రెక్వియం’లోని కవితల్ని కాగితమ్మీద రాసి, స్నేహితురాలు లిదియా చుకోవ్‌స్కయా కంఠతా పట్టగానే కాల్చేసేది. ఏళ్ల పాటు ఆ కావ్యాన్ని మోసింది కొద్దిమంది జ్ఞాపకమే. ఆ దేశంలో అది అచ్చయింది 1987లో.

ఆ గదిలో నిలబడితే నా సిద్ధాంతగ్రంథం గుర్తొచ్చింది. లిఖిత ఆధారం లేదని మా నాయనమ్మ పాటల్ని అందులోంచి తీసేసింది నేనే. ఆధారమంటే కాగితమేనని నాకు నేర్పిందెవరు? నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆమె పాటల్లో నాకు గుర్తున్నవి మూడే. ఆ రాత్రే కూర్చుని రాసుకున్నాను.