పది వేల లీటర్ల చీకటి

"ఏమే, అన్ని నీళ్ళు ఉండి తాగడానికి కాదా?"

వీడియో కాల్‌లో అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇదే. మెక్సికోలోని హాక్ అబ్జర్వేటరీ ఫోటో పంపి, "ఇలాంటి తొట్ల మీదే నా పీహెచ్‌డీ" అని గొప్పగా చెప్పా. సియెర్రా నెగ్రా అనే అగ్నిపర్వతం మీద, 4,100 మీటర్ల ఎత్తులో, 300 స్టీలు తొట్లు బారులు తీరి ఉంటాయి. ఒక్కోదాంట్లో దాదాపు 2 లక్షల లీటర్ల నీళ్ళు. అన్నీ కలిపితే 6 కోట్ల లీటర్లు.

మాది మార్కాపురం దగ్గర ఓ పల్లె. బోరు వేస్తే ఫ్లోరైడ్ నీళ్ళు. ఎండాకాలంలో ట్యాంకర్ హారన్ వినిపిస్తే బిందె పట్టుకుని పరిగెత్తడమే. బియ్యం కడిగిన నీళ్ళు గేదెకి, బట్టలు జాడించిన నీళ్ళు వాకిట్లోకి. అలా బతికిన మనిషికి "నక్షత్రాల కోసం నీళ్ళమ్మా" అని ఎలా చెప్పాలి? అయినా చెప్పా.

పేలిపోయిన నక్షత్రాల శిథిలాల నుంచి, బ్లాక్ హోల్స్ చుట్టుపక్కల నుంచి గామా కిరణాలు వస్తాయి. కంటికి కనిపించే వెలుగు కంటే కొన్ని వేల కోట్ల రెట్ల శక్తి వాటిది. కానీ నేల దాకా రావు. పైన గాలిని గుద్దుకుని ఎలక్ట్రాన్ల, పాజిట్రాన్ల జల్లుగా మారిపోతాయి. ఆ జల్లు నేలకి దిగే లోపే చాలావరకు ఇంకిపోతుంది. అందుకే కొండెక్కి పట్టుకోవాలి.

మరి నీళ్ళెందుకు? నీళ్ళలో వెలుగు కాస్త నెమ్మదిస్తుంది. సెకనుకి సుమారు 2.25 లక్షల కిలోమీటర్లే వెళ్తుంది. ఆ జల్లులోని కణాలు అంతకంటే వేగంగా దూసుకొస్తాయి. అప్పుడు సన్నటి నీలి వెలుగు పుడుతుంది. అదే చెరెంకోవ్ కాంతి. తొట్టి అడుగున ఉన్న లైట్ సెన్సర్లు దాన్ని పట్టుకుంటాయి. ఏ తొట్టిలో ముందు మెరిసింది, దేంట్లో కొన్ని నానోసెకన్లు ఆలస్యంగా మెరిసింది అన్నది చూస్తే, జల్లు ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. లదాఖ్‌లోని హాన్లేలో మన మేస్ టెలిస్కోప్ ఉంది కదా, దాని తయారీలో హైదరాబాద్ ఈసీఐఎల్ చెయ్యి కూడా ఉంది. అది ఇదే కాంతిని గాలిలో చూస్తుంది, కాబట్టి చీకటి రాత్రులు కావాలి. నీళ్ళ తొట్టికి పగలూ రాత్రీ ఒకటే. లోపల ఎప్పుడూ చీకటే కాబట్టి.

నేను ఓడిపోయింది సరిగ్గా ఆ చీకటి దగ్గరే.

మా ల్యాబ్ వెనక ఆరుబయట ఒక టెస్ట్ తొట్టి కట్టాం. దాదాపు 10,000 లీటర్లు. లోపల నల్లటి ప్లాస్టిక్ సంచి, అందులో నీళ్ళు, అడుగున సెన్సర్. కేబుల్ బయటికి వచ్చే చోట సీల్ చేసింది నేనే. స్విచ్ వేస్తే సెన్సర్ లెక్కలు మేం అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ చూపించాయి. "ఎలక్ట్రానిక్స్ తేడా" అని నేను వాదించా. సెన్సర్ మార్చాలంటే తొట్టి ఖాళీ చేయాలి. అందరూ సరే అన్నారు. వాల్వ్ తిప్పాల్సింది నేనే.

చెయ్యి వేశా. తిప్పలేకపోయా. 10,000 లీటర్లంటే మా ఊళ్ళో రెండు ట్యాంకర్లు. "రేపు పొద్దున చేస్తా" అని చెప్పి, లాప్‌టాప్ తెరిచి అక్కడే కూర్చున్నా.

సాయంత్రం అవుతుంటే గ్రాఫ్ కిందికి జారడం మొదలైంది. చీకటి పడేసరికి లెక్కలు మామూలుగా అయిపోయాయి. తెల్లారగానే మళ్ళీ పైకి. ఎలక్ట్రానిక్స్‌కి సూర్యోదయం ఎలా తెలుస్తుంది? తప్పు సెన్సర్‌ది కాదు. ఎక్కడి నుంచో ఎండ లోపలికి దూరుతోంది. వెతికితే నేను వేసిన సీల్ దగ్గరే, సూది మొనంత సందు.

పొద్దున మీటింగ్‌లో "తప్పు నాదే" అని చెప్పడానికి గొంతు పెగల్లేదు. చెప్పా. ఎవరూ తిట్టలేదు. సీల్ మళ్ళీ వేశాం. ఒక్క చుక్క నీళ్ళు పారబోయలేదు.

ఆ రాత్రి అమ్మకి చెబితే ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "సంపు మూత సరిగ్గా వేయకపోతే పాచి పట్టదూ? వెలుగు తగిలితే నీళ్ళు చెడిపోతాయని నీకు తెలీదా" అంది. నిజమే, మాకూ పాచి భయమే. నీళ్ళు మసకబారితే వెలుగు సెన్సర్ దాకా చేరదు.

ఇప్పుడు నా పని దక్షిణార్ధగోళంలో రాబోయే స్వగో అబ్జర్వేటరీకి సంబంధించింది. మన పాలపుంత నడిబొడ్డు అక్కడి నుంచి బాగా కనిపిస్తుంది. 2024లో దానికి చిలీలోని పంపా లా బోలా అనే చోటుని ఎంచుకున్నారు. ఎత్తు 4,770 మీటర్లు. ఉన్నదేమో అటకామా ఎడారిలో! అక్కడ ప్రతి లీటరుకీ లెక్క ఉండాలి.

అందుకే నేను రోజూ తొట్టి లోతుతో కుస్తీ పడుతుంటా. లోతు తగ్గిస్తే కొన్ని కణాలు తప్పించుకుంటాయి. పెంచితే నీళ్ళు ఎక్కువ కావాలి. హాక్ తొట్టి వెడల్పు 7.3 మీటర్లు. అంత వెడల్పులో 10 సెంటీమీటర్ల లోతు తగ్గిస్తే 4,000 లీటర్లకు పైగా మిగులుతాయి. స్క్రీన్ మీద అది ఒక చిన్న అంకె. నాకు మాత్రం మా వీధి మొత్తం బిందెలు నింపుకునే ట్యాంకర్‌లా కనిపిస్తుంది.

అమ్మ మొన్న మళ్ళీ అడిగింది. "ఎడారిలో అన్ని నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తారే?"

ఈసారి నవ్వలేదు నేను. నోట్‌బుక్ తీసి, కొత్త పేజీలో మొదటి లైనుగా ఆ ప్రశ్నే రాసుకున్నా.