నల్ల వైరు చివర

ఎండాకాలం మధ్యాహ్నం బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే నా బండి మోకాళ్లు కాల్చేది. నెమ్మదిగా క్లచ్ వదిలితే ఎగిరెగిరి పడేది. బీఎస్-6 పొగ నిబంధనల ప్రకారం వచ్చిన బళ్లలో చాలావాటికి ఈ గుణం ఉంది. పొగలో విషం తగ్గాలంటే బరువు లెక్కన ఒక వంతు పెట్రోలుకి 14.7 వంతుల గాలి దగ్గర మిశ్రమాన్ని పట్టి ఉంచాలి. ఆ కాపలా పని సైలెన్సర్ పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సర్‌ది. మిశ్రమాన్ని కాస్త చిక్కబరిచి ఆ వేడి తగ్గిస్తుందని ఒక ఫ్యూయల్ ట్యూనర్ కొని, విజయవాడలోనే ఒక యాక్సెసరీస్ దుకాణంలో బిగించుకున్నాను. ఇంజెక్టర్ వైరు మధ్యలో ఒక కప్లర్, సెన్సర్ వైరు మధ్యలో ఇంకొకటి, ఎర్తుకి ఒక నల్ల వైరు. అంతే పని. ఊళ్లో తిరిగినంతసేపూ ప్రాణానికి హాయిగా ఉంది. వేడి తగ్గింది, గతుకులు పోయాయి.

ఏలూరు రోడ్డెక్కి గన్నవరం దాటాక మీటరులో ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో వెలిగింది. బండి నడకలో మాత్రం ఏ తేడా లేదు. హనుమాన్ జంక్షన్‌లో ఆపి, ఇంజిన్ కట్టేసి మళ్లీ స్టార్ట్ చేశాను. లైటు అలాగే ఉంది.

చాలా బీఎస్-6 బళ్లకి సీటు కింద ఎర్రటి ఆరు పిన్నుల కప్లర్ ఉంటుంది. దానికి అడాప్టర్ తగిలించి, బ్లూటూత్ స్కానర్‌తో ఫోన్‌లో చూస్తే పీ0132 అని కోడ్ వచ్చింది. సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజీ ఉండాల్సినదానికన్నా ఎక్కువుందని దాని అర్థం. సర్వీసు సెంటర్‌లో చూపిస్తే, "సెన్సర్ పోయింది సార్, మార్చేద్దాం" అన్నారు. ట్యూనర్ అమ్మినవాళ్లు ఫోన్‌లో బండిదే తప్పన్నారు. ఎవరూ ఒక్క వైరునైనా ముట్టుకుని చూడలేదని నాకు కోపం వచ్చింది. కోడ్ చెప్పింది సర్క్యూట్ అని. సర్క్యూట్ అంటే సెన్సర్ ఒక్కటేనా? దాని వైర్లు, కప్లర్, మధ్యలో కూర్చున్న ట్యూనర్, ఎర్తు, చివరన ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూ, అన్నీ కలిస్తేనే సర్క్యూట్. వేల రూపాయల సెన్సర్ మార్చేముందు ఇవన్నీ చూడాలి కదా.

ముందు ట్యూనర్‌ని పూర్తిగా విప్పేసి, కంపెనీ కప్లర్లు మళ్లీ కలిపి, కోడ్ చెరిపి అదే రోడ్డు మీద అంతే స్పీడులో పోయాను. లైటు రాలేదు. అంటే సెన్సర్ బాగానే ఉంది. ట్యూనర్ పెడితే మళ్లీ వచ్చింది. అదీ ఊళ్లో కాదు, ఇంజిన్ గట్టిగా తిరిగినప్పుడే. డబ్బా తిప్పి పంపేద్దామా అనుకుంటూ, చివరి ప్రయత్నంగా ఆటోనగర్‌లో లారీల వైరింగ్ చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. మా వీధివాళ్లందరికీ ఆయన బాబాయే.

స్కానర్ వైపు ఆయన చూడనైనా లేదు. "ఎర్తు ఎక్కడ ఇచ్చారబ్బాయ్?" అన్నాడు.

సీటు కింద ఫ్రేము బోల్టుకి. ఆ ఫ్రేముకి మందంగా నల్ల పూత ఉంది, పూత మీదే వాషర్ కూర్చుంది. ఆయన మల్టీమీటర్ ఎర్ర మొన నల్ల వైరు చివర, నల్ల మొన బ్యాటరీ నెగటివ్ మీద పెట్టించాడు. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే 0.03 వోల్టు. "రేజ్ చెయ్యి" అన్నాడు. చేశాను. అంకె ఎక్కుతూ ఎక్కుతూ 0.3 దాటింది.

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. ఇంజెక్టర్ తెరుచుకున్న ప్రతిసారీ దాదాపు ఒక ఆంపియర్ కరెంటు ట్యూనర్‌లోంచి ఆ నల్ల వైరు మీదుగానే వెనక్కి పోతుంది. దారిలో పూత అడ్డం. ఇంజిన్ గట్టిగా తిరిగేకొద్దీ కరెంటు ఎక్కువ పోతుంది, ట్యూనర్ సున్నా అనుకునే చోటు పైకి లేస్తుంది, దాంతోపాటే అది ఈసీయూకి పంపే వోల్టేజీ కూడా. సెన్సర్ మాట్లాడేదే 0.1 నుంచి 0.9 వోల్టు లోపల. అందులో 0.3 అంటే చిన్న తేడా కాదు. ఒక వోల్టు దాటకూడని వైరు మీద 1.2 కనబడితే ఈసీయూ లైటు వెయ్యక ఏం చేస్తుంది? అది తన పని నిక్కచ్చిగా చేసింది.

బాబాయ్ ఆ వైరు కోసేసి, కొంచెం లావు వైరుకి రింగు టెర్మినల్ నొక్కి, సోల్డర్ పోసి, నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి బిగించాడు. ఈసారి ఎంత రేజ్ చేసినా 0.02 దాటలేదు. నేను ఫోన్ తీసి కోడ్ చెరపబోతే వద్దన్నాడు.

"నువ్వు చెరిపితే ఏం తెలుస్తుందిరా? దానంతట అదే ఆరాలి."

తప్పు మళ్లీ కనబడకుండా వరుసగా మూడు విడతలు నడిస్తే ఈసీయూయే లైటు తీసేస్తుంది. బండి చల్లారనిచ్చి, ప్రతిసారీ గన్నవరం దాకా గట్టిగానే తోలాను. లైటు ఆరింది, తర్వాత రాలేదు.

ఆ యాక్సెసరీస్ దుకాణానికి మల్టీమీటర్ పట్టుకుని వెళ్లాను. బిగించిన కుర్రాడి చేతికే ఇచ్చి, స్టాండు మీదున్న ఇంకో బండికి కొలిపించాను. అక్కడా బోల్టు పూత మీదే ఉంది, రేజ్ చేస్తే అంకె పైకెక్కింది. కుర్రాడు రెండోసారి తనే కొలిచి, లోపలికి కేకేశాడు: "అన్నా, ఈ నెల బిగించినవాళ్ల నంబర్లు తియ్యి, అందరికీ ఫోన్ చెయ్యాలి."