మోకాలును మగ్గమును

శ్రమించి బ్రదుకు జాతికి మోకాలి విలువను వేరొకరు చెప్పనక్కరలేదు. ఊరిలో గుంటమగ్గము ముందు కూర్చుండి కాళ్లతో తొక్కుడు కర్రలను ఆడించిన తాతల కాలమునను, భివండి చేరి సాంచాల నడుమ పన్నెండేసి గంటలు నిలువుకాళ్లపై తిరిగిన తండ్రుల కాలమునను, మన పద్మశాలి కుటుంబములకు అన్నము పెట్టినవి చేతులని లోకము చెప్పును. ఆ చేతులను మోసినవి మోకాళ్లు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నుండి వచ్చి యీ పట్టణమున స్థిరపడిన మన పెద్దలు నలుగురు కూడినచోట మొదట వచ్చు ప్రసంగము మోకాలి నొప్పియే.

మా పెదనాన్నగారు ముప్పదియేండ్లకు పైగా సాంచా నడిపిన మనిషి. 2010లో వారి కుడి మోకాలి కీలును మార్చిరి. పండ్రెండేండ్లు అది చక్కగా పనిచేసెను. పిమ్మట నడకలో కాలు తూలుటయు, మెట్టు దిగునపుడు నొప్పియు మొదలయ్యెను. అమర్చిన కీలు వదులైనదనియు, మరల శస్త్రచికిత్స అవసరమనియు వైద్యులు చెప్పిరి. పెదనాన్నగారు ఒప్పుకొనలేదు. “ఒకసారి సామాను మార్చినం గదరా. తుక్కుకు పోయే సాంచాకు మళ్లీ పైసలు పెడుతరా?” అనిరి. మనుమరాలి కాలేజీ ఫీజు వారి మనసులో నున్నదని ఇంటిల్లిపాదికిని తెలియును. వారికి సమాధానము చెప్పుటకై నేను ఈ విషయమును వైద్యుల నడిగియు, చదివియు కొంత తెలిసికొంటిని.

కృత్రిమమైన మోకాలు నిన్నటి ఆలోచన కాదు. 1890లో బెర్లిన్ నగరమున గ్లుక్ అను వైద్యుడు దంతముతో చేసిన కీలును అమర్చెను, అది నిలువలేదు. నేటి పద్ధతికి మార్గదర్శకమైన కీలును 1974లో న్యూయార్క్ నగరమున ఇన్సాల్ ప్రభృతులు వాడుకలోనికి తెచ్చిరి. తొడ యెముక చివర కోబాల్ట్–క్రోమియం తొడుగు, కాలి యెముకపై లోహపు పళ్లెము, రెంటి నడుమ పాలిథిలీన్ దిమ్మ, కావలసినచో చిప్పకు ఒక బిళ్ల: సాధారణముగా మొదటి శస్త్రచికిత్సలో వాడునవి యివియే.

రెండవసారి చేయు పని వేరు. పాలిథిలీన్ అరిగి రాలిన సూక్ష్మమైన పొడి చుట్టునున్న యెముకను కరగించును. వదులైన లోహము కదలిన కొలదియు ఎముకను తొలుచును. పాత కీలును ఊడదీయునపుడు దానితో మరికొంత పోవును. ఎవరికి ఎంత పోయినదో ఎక్స్‌రే కొంత చెప్పును. పూర్తిగా తెలియునది తెరచి చూచినప్పుడే. ఒకరికి లోపలి వైపు గుంటపడును. మరొకరికి ఎముక పైభాగమంతయు డొల్లయగును. ఇట్టి చోట ఒకే అచ్చున పోసిన కీలు ఎందరికి సరిపోవును? అందుచేతనే, విశేషించి 1980 దశకము నుండి, విడిభాగములుగా చేసి శస్త్రచికిత్స సమయముననే కూర్చుకొను మాడ్యులర్ పద్ధతి వ్యాప్తికి వచ్చెను.

ఎముక పోయినచోట దాని మందమునకు తగిన లోహపు దిమ్మను పళ్లెము క్రింద బిగింతురు. పైయెముక బలహీనమైనచో మూలుగ నాళములోనికి దిగు పొడవైన కాడను చేర్తురు. బరువు క్రిందనున్న గట్టి యెముకకు పంచబడును. నాళపు మధ్యయు పళ్లెపు మధ్యయు అందరిలో ఒకే వరుసన ఉండవు గనుక ప్రక్కకు జరిపిన కాడలు కూడ కలవు. ముందుగా నమూనా భాగములను కూర్చి, కాలును ముడిచియు చాచియు చూచి, రెండు స్థితులలోను బిగువు సమానమైన పిదపనే అసలు భాగములను అమర్తురు.

మన జాబరు చేయుపని యిదియే కదా! నాడె సరిగా దుమకనిచో అతడు సాంచాను తుక్కుకు పంపడు. అరిగినది పికరో, పికింగు కర్రయో కనిపెట్టి దానినే మార్చును. అయితే బోల్టులు పెరిగినకొలది వదులగు తావులును పెరుగునని కూడ అతనికి తెలియును. మోకాలిలోను అంతే. లోహము లోహముతో కలియు ప్రతి అతుకును స్వల్పముగా రాపిడి పొందును, తుప్పుపట్టవచ్చును. కావున భాగములు దొరకుచున్నవని అన్నియు వాడరు. ఆ మోకాలికి అవసరమైనన్నియే వాడుదురు.

ఈ మాటలు పెదనాన్నగారికి నచ్చెను. అందుకంటెను, ఆలస్యమైనకొలది ఎముక పోవుననియు, పని కష్టమగుననియు వైద్యుడు చెప్పిన మాట వారిని కదలించెను. కీలులోని నీరు తీసి పరీక్షించి చీము లేదని మొదట నిశ్చయించుకొనిరి. చీమున్నచో చికిత్సాక్రమమే వేరు. తరువాత వైద్యుడు పాత కీలు ఏ కంపెనీది, ఏ పరిమాణముది యని అడిగెను. ఆసుపత్రి కాగితములు వానకు తడిసి నాశనమైయుండెను. కాని మా పెద్దమ్మ, చదువురాని మనిషి, నాడు ఇచ్చిన చిన్న చీటీని రేషను కార్డుతో కలిపి రేకుపెట్టెలో దాచెను. దానిపై పేరు, పరిమాణము, సంఖ్య అన్నియు ఉండెను.

ఆ చీటీ విలువ శస్త్రచికిత్సనాడు తెలిసెను. తొడవైపు తొడుగు గట్టిగానే యున్నది. క్రింది పళ్లెము మాత్రము వదులై, లోపలి వైపు ఎముక తరిగియున్నది. ఒక కంపెనీ పళ్లెము మరియొక కంపెనీ తొడుగుతో సామాన్యముగా పొసగదు. అదే కంపెనీ భాగములు సిద్ధముగా నుండుటచే పైభాగమును కదలింపక, క్రింద కాడయు ఒక దిమ్మయు గల పళ్లెమును, క్రొత్త పాలిథిలీన్ దిమ్మను అమర్చిరి. మంచి యెముక మిగిలెను. నేడు వారు చేతికర్రతో బజారునకు పోయి వచ్చుచున్నారు. నేలమీద కూర్చుండి భోజనము చేయరాదన్న నియమమొక్కటే వారికి రుచింపలేదు.

ఖర్చు విషయమును దాచిపెట్టరాదు. 2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వము మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధరలు నిర్ణయించినపుడు, సాధారణమైన కోబాల్ట్–క్రోమియం కీలునకు 54,720 రూపాయలును, పునఃశస్త్రచికిత్స కీలునకు 1,13,950 రూపాయలును, పన్ను గాక, నిర్ణయించెను. రెండవది మొదటిదానికి రెట్టింపునకు పైమాటయే. ఆసుపత్రి ఖర్చు వేరు. నేత కుటుంబమునకు ఇది చిన్న మొత్తము కాదు. కనుకనే మొదటి కీలును కాపాడుకొనుటయు, వదులైన వెంటనే చూపించుకొనుటయు పొదుపులో భాగములే.

మన యిండ్లలో మార్కండేయుని పటము, పెండ్లి శుభలేఖలు, ఊరి భూమి కాగితములు భద్రముగా నుండును. కీలు మార్పించుకొన్నవారు ఇంప్లాంటు చీటీని కూడ అడిగి తీసికొని వానితోపాటు దాచుడు. దాని నకలు ఒకటి బిడ్డలకిండు. పదియేండ్ల తరువాత మోకాలు తెరచు వైద్యునికి ఆ చీటీ దారి చూపును.