పలుకు విరుపు – పదము విరుపు

ఆంగ్లములో దీర్ఘమైన పదము కనబడగానే బెదరిపోవుట మన విద్యార్థులలో పలువురికి అనుభవమే. మేమును అందుకు అతీతులము కాము. మేము ఇంటర్మీడియెట్ చదివే రోజులలో ఒక అధ్యాపకులు నల్లబల్లపై ‘యాంటిడిస్‌ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం’ అని ఆంగ్లములో వ్రాసి, మమ్ము లేచి చదువుమన్నారు. ‘యాంటి’ దాటలేకపోయాము. తరగతి గొల్లుమన్నది. నాటినుండి ఆంగ్లపు తరగతిలో వెనుక బల్లనే ఆశ్రయించాము.

ఇటీవల మా విద్యార్థిని ఒకతె ఎచ్చటనో చూచిన ఆ పదమునే మా యెదుట చదవబోయి తడబడినది. మా పెదవులపై అప్రయత్నముగా నవ్వు తొంగిచూచినది. ఆమె తల వంచుకొన్నది. మా వెనుక బల్ల మాకు జ్ఞప్తికి వచ్చినది, సిగ్గుపడ్డాము. నాటి పద్యపాఠము ప్రక్కన పెట్టి ఆ పదమునే బల్లపై వ్రాశాము.

అందులో ఆంగ్లవర్ణములు 28. అర్థమును బట్టి విరిస్తే భాగములు ఆరే: యాంటి, డిస్, ఎస్టాబ్లిష్, మెంట్, ఏరియన్, ఇజం. ‘ఎస్టాబ్లిష్’ అనగా స్థాపించుట. ‘మెంట్’ చేరగా, ఇచ్చట, రాజ్యము ఒక చర్చికి ఇచ్చే అధికార ప్రతిపత్తి. ‘డిస్’ ఆ ప్రతిపత్తి తొలగింపును తెలుపుతుంది. 1869 నాటి చట్టము వలన ఐర్లండులోని చర్చికి 1871లో జరిగినది ఇదే. అట్టి తొలగింపును ఎదిరించే వాదమే ఈ పదమునకు అర్థము.

ఇక పలుకును బట్టి విరిస్తే అక్షరములు 12: యాన్–టి–డిస్–ఎస్–టాబ్–లిష్–మెన్–టే–రి–య–ని–జం. ‘మెంట్’లోని టకారము తన తావు విడిచి ‘ఏరియన్’తో కలిసి ‘టే’ అయినది. ‘ఏరియన్’లోని నకారము ‘ఇజం’తో కలిసి ‘ని’ అయినది. ఇది మనకు క్రొత్త కాదు. ‘వాడెక్కడ’ అన్నప్పుడు ‘డె’ ఒక్కటే అక్షరము. అర్థము కొరకు విడదీస్తే ‘వాడు’, ‘ఎక్కడ’. గణవిభజన వేరు, పదవిభజన వేరు. ఉర్దూ ఎరిగినవారికి ‘బేకార్’లోని ‘బే’, ‘నాలాయక్’లోని ‘నా’ తెలిసినవే. పదమునకు ముందు చేరి అర్థమును త్రిప్పివేయుటలో ‘డిస్’ వాటికి చుట్టమే.

ఆ విద్యార్థిని మరల చదివినది. ‘టే’ వద్ద ఒక్క క్షణము ఆగి ముందుకు సాగినది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

విద్యార్థులకు మా మనవి ఒక్కటే. నోటికి లొంగని మాటను అక్షరములుగాను, బుద్ధికి లొంగని మాటను భాగములుగాను విరిచి చూడండి. తోటివారు తడబడినప్పుడు మాత్రము నవ్వకండి. ఈ రెండవ పాఠము మాకు ఆలస్యముగా అబ్బినది.