నాన్నగారి నాలుగు సీసాలు

ఒక వేసవిలో మా నక్కపల్లి ఇంటి అరుగు మీద నాలుగు లీటరు సీసాలు కొలువుతీరి ఉండేవి. తెల్లవారుజామున నాన్నగారు వాటిని స్వయంగా నింపుకునేవారు. దీపాలవేళకు నాలుగూ ఖాళీ కావాలి. ముప్పైయేళ్ళు బడిలో హాజరుపట్టీ రాసిన చెయ్యి కదా, గోడమీది క్యాలెండరులో ప్రతి తేదీ పక్కనా నాలుగు గీతలు పడేవి. ఒక గీత తక్కువైతే ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టేది కాదు.

ఇది 2007 నాటి మాట. రోజుకు నాలుగైదు లీటర్లు తాగితేనే ఆరోగ్యమన్న మాట అప్పట్లో తెలుగునాట ఊరూరా పాకింది. ఎవరు చెప్పారని అడిగితే, “అందరూ చెబుతున్నారు కదురా” అనేవారు. దానికి తోడు ఉద్దానం భయం. సోంపేట వైపు మా బంధువులు ఇద్దరు కిడ్నీ జబ్బుతో పోయారు. ఆ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు గానీ, నీళ్ళు చాలకనే అని నాన్నగారు అప్పుడే తీర్పు చెప్పేశారు. డెబ్భై దాటిన వయసు, రక్తపోటుకు రోజూ ఒక నీళ్ళ బిళ్ళ, అంటే మూత్రాన్ని ఎక్కువ చేసే మాత్ర. ఆ రక్తపోటు కోసమే ఉప్పు కూడా పూర్తిగా మానేశారు.

మేము సంతోషించాం. హైదరాబాదు నుంచి ఫోను చేసినప్పుడల్లా “ఇవాళ ఎన్నో సీసా నాన్నగారూ?” అని అడిగేవాణ్ణి.

నెల తిరిగేసరికి, నేను సెలవు మీద ఊళ్ళో ఉండగానే, ఆయన మాట తడబడింది. నడక తూలింది. రిటైరై పన్నెండేళ్ళయిన మనిషి, ప్రార్థన గంట కొట్టారా అని అమ్మను అడిగారు. మే నెల, ఉక్కపోత. వడదెబ్బ అనుకున్నాం. అనుకుని, తల పట్టుకుని మరో సీసా తాగించాం. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

విశాఖలో రక్తపరీక్ష చేస్తే సోడియం 118 ఉంది. 135కు తగ్గకూడదు. “డాక్టరు గారూ, తిని చెడినవాళ్ళను చూశాను గానీ నీళ్ళు తాగి చెడినవాడు కూడా ఉంటాడాండీ?” అని తేరుకున్నాక నాన్నగారు అడిగారు. ఆ కుర్ర డాక్టరు నవ్వి, “మాస్టారూ, మజ్జిగలో నీళ్ళు ఎక్కువైతే ఉప్పదనం ఏమవుతుంది? మీ రక్తమూ అంతే” అన్నాడు. రక్తం పలచబడితే ఆ నీరు కణాల్లోకి చేరుతుంది. ఉబ్బడానికి పుర్రెలో చోటు లేదు కనుక ముందు దెబ్బతినేది మెదడు. పోనీ ఉప్పునీరు గబగబా ఎక్కించేద్దామా అంటే, తొందరపడితే మెదడుకు మరో రకం హాని. అందుకే రోజుల తరబడి కొంచెం కొంచెంగా సరిచేశారు. నాలుగు లీటర్లు ఆరోగ్యవంతుడి మూత్రపిండాలకు మోయలేని బరువేమీ కాదట. గంటకు ముప్పావు లీటరు, లీటరు దాకా బయటికి పంపగలవు. కానీ నీటిని తోడిపోయడానికి వాటికి ఉప్పు వంటి సరుకు కూడా కావాలి. ఆయన ఉప్పు మానేశారు, బిళ్ళ ఉన్న ఉప్పును లాగేసింది. మూడూ కలిసి కొంప ముంచాయి.

ఆ తరువాత ఈ లెక్కల వెంట పడ్డాను. 1945లో అమెరికాలోని ఆహార పోషణ మండలి పెద్దవారికి రోజుకు రెండున్నర లీటర్ల నీరు కావాలని రాసింది. అందులో చాలా భాగం ఆహారంలోనే ఉంటుందని కూడా ఆ వెంటనే రాసింది. లోకం మొదటి వాక్యం చదివి పుస్తకం మూసేసింది! ‘రోజుకు ఎనిమిది గ్లాసులు’ అన్న నియమానికి శాస్త్రాధారం ఏమిటని హైన్జ్ వాల్టిన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త గాలించి, ఏదీ దొరకలేదని 2002లో ప్రకటించాడు. అదే ఏడు బోస్టన్ మారథాన్‌లో అతిగా ద్రవాలు తాగి ఒక యువతి మరణించింది. ఆ పందెంలో 488 మంది రక్తం పరీక్షిస్తే నూటికి పదముగ్గురిలో సోడియం తగ్గి ఉంది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యవంతులకు సుమారు రెండు లీటర్లు చాలంటుంది, ఎండలోనూ శ్రమలోనూ ఎక్కువ కావాలంటుంది. మా వైపు పొద్దున్నే తరవాణి తాగి పొలం వెళ్ళేవాళ్ళు ఈ లెక్కలేవీ చదవలేదు. నీరూ ఉప్పూ ఒకే చెంబులో పుచ్చుకునేవారు.

ఇంతా వెతికినవాణ్ణి, అమ్మ సంగతి గమనించలేదు.

విశాఖకు బస్సెక్కాల్సి వస్తే అమ్మ ముందురోజు రాత్రి నుంచే నీళ్ళు మానేసేది. దారిలో ఆడవాళ్ళు వెళ్ళే చోటు ఉండదు కదా. ఆసుపత్రిలో నాన్నగారి మంచం పక్కన కూర్చున్న రోజుల్లోనూ అంతే, ఆ వరండా చివరి గదికి వెళ్ళాలంటే ఆమెకు సంకోచం. నాన్నగారు కోలుకుని ఇంటికొచ్చిన మూడో నాడు చలిజ్వరంతో పడిపోయింది. మూత్రంలో చీము, ఒక రాయి కూడా. ఎంతకాలంగా మంట అని అడిగితే, “పెళ్ళిళ్ళకూ ప్రయాణాలకూ వెళ్ళొచ్చినప్పుడల్లా ఉండేదే” అంది. ఒకే ఇంట్లో ఒకరి సీసాలు అందరం లెక్కపెట్టాం. రెండోవారి దాహం ఎవరి పట్టీలోనూ లేదు.

ఆయనకు లీటరున్నరకు మించవద్దన్నారు, ఆమెను రెండున్నరకు తగ్గవద్దన్నారు. మిగిలిపోయిన సీసాలు రెండు నాన్నగారు అమ్మ ముందు పెట్టి, సున్నంతో గీతలు కూడా గీశారు. “ఈ వయసులో నాకీ హాజరుపట్టీ ఏమిటండీ” అని విసుక్కుంటూనే తాగింది. వయసు మీదపడితే దాహం తెలియడం తగ్గుతుంది కనుక ఆమెకు గీతలు అవసరమే. ఎవరికెన్ని అన్నది మాత్రం వాళ్ళ గుండె, మూత్రపిండాలు, మందులు, పని చూసి తేల్చవలసిన సంగతి. మామూలు మనుషులకు మూత్రం లేత గడ్డిరంగులో ఉందో లేదో చూసుకుంటే చాలా వరకు తెలిసిపోతుంది.

నాన్నగారు 2016లో వెళ్ళిపోయారు. పోయిన నెల అమ్మను కారులో విశాఖ తీసుకువెళుతున్నాను. ఎలమంచిలి దాటాక సీసా చేతికిచ్చాను. ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

“తాగమ్మా.”

“ముందు ఎక్కడైనా దొడ్డి ఉందేమో చూసిరా నాయనా.”

పెట్రోలు బంకు దగ్గర ఆపి, లోపలికి వెళ్ళి, తలుపు గడియ పడుతోందో లేదో కూడా చూసి వచ్చి చెప్పాను. అప్పుడు సీసా మూత తీసింది.